కీమో లైన్, చలి, వణుకు: సెంట్రల్ లైన్ ఇన్ఫెక్షన్ల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

క్యాన్సర్ వార్డులో డ్యూటీ చేసే నర్సుని ఆపి రోగులు, అటెండెంట్లు అడిగే ప్రశ్నలివి. కొన్ని డాక్టరు రౌండ్స్ ముగించి వెళ్లాక గుమ్మం దగ్గర అడిగినవి, కొన్ని రాత్రి పదకొండింటికి ఫోన్‌లో అడిగినవి. నేను చెప్పేది మీ డాక్టరు మాటకు బదులు కాదు. లైన్ ఉండి, ఇప్పుడు ఒళ్లు కాలుతూ ఇది చదువుతుంటే సరాసరి ఆరో ప్రశ్నకు వెళ్లండి. అది కూడా ఆస్పత్రికి పోతూ ఆటోలో చదవండి.

1. "లైన్ పెట్టాలి" అంటున్నారు. చేతికి పెట్టే సెలైన్ సూదికీ దీనికీ తేడా ఏమిటి?

చేతి వెనక పెట్టే కాన్యులా రెండంగుళాలు కూడా ఉండదు. కొన్ని రోజులకే తీసేసి ఇంకోచోట పెడతారు. సెంట్రల్ లైన్ అలా కాదు. మెడ దగ్గర పెట్టినా, మోచేతి పైన పెట్టినా దాని లోపలి కొస గుండెలోకి వెళ్లే పెద్ద రక్తనాళంలో ఉంటుంది. కొన్ని కీమో మందులు చిన్న నరాల్ని లోపలినుంచే కాల్చేస్తాయి, బయటికి కారితే ఆ చోటు పుండైపోతుంది. పెద్ద నాళంలో రక్తం జోరుగా పారుతుంటుంది కాబట్టి మందు పడగానే పలచబడుతుంది.

ఐసీయూలో మెడకో తొడకో పెట్టేది తాత్కాలికం. చేతి నుంచి ఎక్కించే సన్నటి పొడవాటి గొట్టం పిక్ లైన్, నెలల తరబడి ఉంచొచ్చు. హిక్‌మన్ లైన్‌ని ఛాతీ మీద చర్మం కింద కొంత దూరం సొరంగంలా నడిపి, తర్వాత నాళంలోకి దింపుతారు. 1979లో సియాటిల్‌లో దీన్ని వాడకంలోకి తెచ్చిన డాక్టర్ రాబర్ట్ హిక్‌మన్ పేరే దానికి నిలిచింది. కీమో పోర్ట్ మొత్తం చర్మం కిందే ఉంటుంది. బయటికి పది రూపాయల బిళ్లంత ఉబ్బు కనిపిస్తుంది, అంతే.

2. గొట్టం శుభ్రంగానే పెట్టారు కదా, మరి రక్తంలోకి క్రిములు ఎలా వెళ్తాయి?

పెట్టిన మొదటి వారం పది రోజుల్లో అయితే ఎక్కువగా చర్మం మీంచి. గొట్టం చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళ్లిన రంధ్రం పక్కనుంచి, గొట్టం బయటి గోడ వెంబడి పాకుతూ వెళ్తాయి. నెలల తరబడి ఉండే లైన్లలో మాత్రం పెద్ద దారి వేరు. సిరంజి బిగించే చోటు ఉంటుంది, మేం హబ్ అంటాం. రోజుకు ఎన్నిసార్లు దాన్ని ముట్టుకుంటే అన్నిసార్లు తలుపు తెరిచినట్టే. చేతుల మీదున్నది హబ్ మీదికి, హబ్ మీదున్నది సిరంజి తోసినప్పుడు గొట్టంలోకి పోతుంది.

ఒంట్లో వేరేచోట ఉన్న ఇన్ఫెక్షన్ రక్తంలో తిరుగుతూ వచ్చి లైన్‌ని పట్టుకోవడం కూడా ఉంది. ఇక ఎక్కించే ద్రవమే పాడై ఉండటం అరుదు, కానీ జరిగితే ఒక్కరితో ఆగదు. వార్డులో ఒకే సెలైన్ బాటిల్‌కి సూది గుచ్చి పెట్టి, పొద్దుటినుంచి సాయంత్రం దాకా పదిమందికి ఫ్లష్ కోసం, అంటే లైన్‌లోకి సెలైన్ తోసి గొట్టం కడగడం కోసం, అందులోంచే లాగే అలవాటు చాలా చోట్ల ఉంది. చవకగా అవుతుందని చేస్తారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ చేశాను. ఇప్పుడు ఎవరైనా చేస్తుంటే బాటిల్ తీసి చెత్తబుట్టలో వేస్తాను.

లోపలికి చేరిన క్రిములు ఊరికే ఉండవు. నీళ్ల తొట్టి గోడకు పాకుడు పట్టినట్టు గొట్టం లోపలి గోడకు జిగటగా పొర కట్టుకుంటాయి. తొట్టిలో నీళ్లు మార్చినంత మాత్రాన పాకుడు పోదు కదా? యాంటీబయాటిక్ రక్తంలో తేలుతున్న క్రిముల్ని చంపుతుంది, పాకుడులో దాక్కున్నవి మాత్రం మిగిలిపోతాయి. మందు ఆపగానే జ్వరం మళ్లీ తిరగబెట్టడం వెనక చాలాసార్లు ఉన్న కథ ఇదే.

3. "కౌంట్స్ పడిపోయాయి, జాగ్రత్త" అంటారు. ఏ కౌంట్ చూడాలి?

రిపోర్ట్‌లో మొత్తం తెల్లకణాల సంఖ్య కన్నా న్యూట్రోఫిల్స్ ఎన్ని ఉన్నాయన్నది ముఖ్యం. బాక్టీరియాని మింగేసే కణాలవే. 500కి దిగితే ప్రమాదం, 100కి దిగితే ఇంకా పెద్ద ప్రమాదం. చాలా కీమోల్లో మందు ఎక్కిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య అడుగంటుతాయి. అంటే మీరు డిశ్చార్జి అయ్యి, ఇంట్లో అంతా బాగుందనుకుంటున్న రోజుల్లోనే అన్నమాట. లుకేమియా చికిత్సలో, బోన్‌మ్యారో మార్పిడిలో ఇంకా ఎక్కువ రోజులు అలాగే ఉంటాయి.

కౌంట్ బాగున్నా రక్షణ తక్కువగా ఉండేవాళ్లూ ఉన్నారు: కిడ్నీ మార్పిడి మందులు వాడేవాళ్లు, ఎక్కువ డోసులో స్టెరాయిడ్లు వాడేవాళ్లు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు.

4. లైన్ పెట్టిన చోట ఎర్రగా లేదు, వాపు లేదు, చీము లేదు. మరి లైన్ ఇన్ఫెక్షన్ అని ఎందుకు అనుమానిస్తున్నారు?

నన్ను ఎక్కువసార్లు అడిగే ప్రశ్న ఇదే. "చూడండి సిస్టర్, ఎంత శుభ్రంగా ఉందో" అని డ్రెస్సింగ్ చూపిస్తారు. నిజమే, తళతళలాడుతుంటుంది.

చీము అంటే ఏమిటి? క్రిములతో పోరాడి చచ్చిన తెల్లకణాల కుప్ప. ఎరుపు, వాపు అంటే ఆ పోరాటానికి రక్తం అక్కడికి పరుగెత్తడం. తెల్లకణాలే లేని మనిషికి చీము ఎక్కడినుంచి వస్తుంది? మామూలు మనిషికి పుండైతే ఒళ్లు నాలుగు విధాలుగా చెప్తుంది: ఎర్రబడుతుంది, ఉబ్బుతుంది, నొప్పెడుతుంది, చీము పడుతుంది. కౌంట్స్ లేని మనిషికి చెప్పుకోవడానికి మిగిలేది చాలావరకు జ్వరమొక్కటే. దానికి తోడు లోపలి గోడకు పాకుడు పట్టినప్పుడు బయటి చర్మం మామూలు మనుషుల్లో కూడా శుభ్రంగానే ఉంటుంది.

కాబట్టి ఎర్రగా ఉంటే అనుమానించాల్సిందే గానీ, ఎర్రగా లేదని ధైర్యపడకూడదు. హిక్‌మన్ సొరంగం వెంబడి నొప్పో గట్టిదనమో తగిలినా, పోర్ట్ మీద చర్మం వెచ్చగా ఉన్నా, చేయి గానీ మెడ గానీ వాచినా అదే రోజు చూపించండి. చేయి వాపు లైన్ చుట్టూ రక్తం గడ్డకట్టడం వల్ల కూడా వస్తుంది.

5. ఫ్లష్ చేసిన అరగంటకు చలి పుట్టి వణికిపోయింది. దుప్పటి కప్పితే తగ్గింది. ఏమైనట్టు?

ఈ సంఘటన మా డే కేర్‌లో ఎన్నిసార్లు చూశానో. మనిషి నడిచి వస్తాడు, జోకులు వేస్తాడు, జ్వరం ఉండదు. పిక్ లైన్‌లోకి పది మిల్లీలీటర్ల సెలైన్ తోస్తాం. ఇరవై నిమిషాలకు "సిస్టర్, ఏసీ తగ్గిస్తారా" అంటాడు. ఇంకో పది నిమిషాలకు పళ్లు టకటకలాడతాయి, మంచం ఊగుతుంది. ఒకటికి రెండు దుప్పట్లు కప్పినా ఆగదు. గంట తిరిగేసరికి 103.

గొట్టం గోడకు పట్టిన పాకుడుని మనం తోసిన సెలైన్ ఒక్కసారిగా రక్తంలోకి ఊడ్చుకుపోయింది. అందుకే లైన్ వాడిన కాసేపట్లో వచ్చే వణుకుకి వేరే సాక్ష్యం అవసరం లేదన్నంత విలువిస్తాం. దుప్పటితో తగ్గినా, జ్వరం దానంతటదే దిగినా దాన్ని "అయిపోయింది" అనుకోవద్దు. రేపు మళ్లీ ఫ్లష్ చేస్తే మళ్లీ వస్తుంది, ఈసారి బీపీ పడిపోవచ్చు. వణుకు వచ్చిన టైము, అంతకు ముందు లైన్‌ని ఎప్పుడు వాడారో ఆ టైము, రెండూ కాగితం మీద రాసిపెట్టుకుని డాక్టరుకి చెప్పండి. ఆ రెండు అంకెల మధ్య దూరమే సగం రోగనిర్ధారణ. లైన్‌ని డాక్టరు చెప్పేదాకా మళ్లీ ఫ్లష్ చేయనివ్వకండి.

6. జ్వరం ఎంత ఉంటే ఆస్పత్రికి రావాలి? ఒక డోలో వేసి పొద్దున దాకా చూడొచ్చా?

చూడకూడదు.

థర్మామీటర్‌లో ఒక్కసారి 101 వచ్చినా, లేదా 100.4 ఒక గంటపాటు అలాగే ఉన్నా అది అత్యవసరం. చాలా ఆస్పత్రులు కీమో రోగులకు 100.4 దాటితే చాలు వచ్చేయమంటాయి. మీకు డిశ్చార్జి కాగితంలో ఏ అంకె రాశారో అదే పాటించండి. చంకలో పెట్టి చూస్తే అసలు కన్నా తక్కువ చూపిస్తుంది, వీలైతే నోట్లో పెట్టండి. మలద్వారంలో మాత్రం ఎప్పుడూ వద్దు, అక్కడ పొర చిట్లితే అదే కొత్త ఇన్ఫెక్షన్.

డోలో గురించి అంత కచ్చితంగా ఎందుకు చెప్తానంటే, అది క్రిమిని చంపదు, ఒంటికి మిగిలిన ఒక్క గొంతునీ నొక్కేస్తుంది. రాత్రి రెండు మాత్రలతో జ్వరం దిగుతుంది, అందరూ నిద్రపోతారు, తెల్లారేసరికి రోగికి మాట తడబడుతుంటుంది. న్యూట్రోఫిల్స్ లేని మనిషిలో రక్తంలోకి చేరిన బాక్టీరియా గంటల్లోనే షాక్‌లోకి నెట్టగలదు. అందుకే రోగి ఆస్పత్రి గుమ్మం తొక్కిన గంటలోపు మొదటి యాంటీబయాటిక్ డోసు పడాలన్నది ప్రపంచమంతా పాటించే లెక్క. దారిలో పోయిన గంటలు అందులో కలవవని మర్చిపోవద్దు. జిల్లాల నుంచి హైదరాబాద్‌కో విశాఖపట్నానికో వచ్చేవాళ్లయితే, దారిలో ఉన్న పెద్దాస్పత్రిలో మొదటి డోసు వేయించుకుని రాగలరా అని మీ డాక్టరుని జ్వరం రాకముందే అడిగి ఉంచుకోండి.

ఎమర్జెన్సీలో చెప్పాల్సిన మాట "జ్వరం" ఒక్కటే కాదు. "కీమో అయి పదో రోజు, ఛాతీలో పోర్ట్ ఉంది, జ్వరం 101.2, వణుకు వచ్చింది" అని ఒకే ఊపిరిలో చెప్పండి. "జ్వరం" అంటే వరసలో కూర్చోబెడతారు. ఇలా చెప్తే లేచి వస్తారు.

స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లకు జ్వరం అసలు రాకపోవచ్చు కూడా. వాళ్లలో వణుకు, నీరసంతో కళ్లు తేలేయడం, మూత్రం తగ్గడం, ఏదో తేడాగా మాట్లాడటం ఇవే జ్వరంతో సమానం.

7. మా ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు ఉన్నాడు. నీరసంగా ఉంటే "లైన్ రెడీగా ఉంది కదా, దాంట్లోంచే సెలైన్ ఎక్కిస్తా" అంటున్నాడు.

ఆయన మంచివాడే కావచ్చు, రాత్రి రెండింటికి పిలిచినా వస్తాడు, ఆ మాట నేను కాదనను. కానీ ఆ లైన్ ముట్టుకోనివ్వకండి. పొలంలో కుప్పకూలిన మనిషికి చేతికి పెట్టే సూదికీ, గుండె పక్కకు తెరుచుకునే తలుపుకీ చాలా తేడా ఉంది. పోర్ట్‌కి మామూలు సూది గుచ్చితే దాని పైనున్న రబ్బరు పొర తెగి, మళ్లీ మూసుకోదు. దానికి హ్యూబర్ సూది అని ప్రత్యేకంగా ఉంటుంది. చిన్న సిరంజితో గట్టిగా తోస్తే ఒత్తిడికి పిక్ లైన్ పగిలిపోగలదు, అందుకే పది మిల్లీలీటర్లకు తక్కువ సిరంజి వాడం.

ఒకమ్మాయికి ఇలాగే జరిగింది. ఎవరి తప్పని నేను చెప్పను. పండక్కి ఊరెళ్లింది, వాంతులయ్యాయి, పిక్ లైన్‌లో రెండు బాటిళ్లు ఎక్కించారు. క్యాప్ పోయింది, దూది పెట్టి టేపు చుట్టారు. నాలుగో రోజు మా దగ్గరికి వచ్చేసరికి టేపు కింద దూది తడిసి ఉంది. లైన్ తీసేశాం, మూడు వారాలు మందులు పడ్డాయి, కీమో వాయిదా పడింది.

8. రక్తపరీక్షకు లైన్‌లోంచి ఒకసారి, చేతికి గుచ్చి ఒకసారి తీస్తున్నారు. లైన్ ఉండగా మళ్లీ గుచ్చడం ఎందుకు?

నేరం లైన్‌దేనా కాదా తేల్చడానికి. రెండు చోట్ల నుంచి ఒకే సమయంలో, ఒకే మోతాదులో తీసి కల్చర్ మెషీన్‌లో పెడతారు. రెంటిలోనూ క్రిమి పెరిగి, లైన్‌లోంచి తీసిన బాటిల్ చేతి బాటిల్ కన్నా కనీసం రెండు గంటల ముందు పాజిటివ్ అయితే, లైన్‌లో క్రిముల రద్దీ ఎక్కువుందని అర్థం. అంటే మూలం అక్కడే. లైన్ తీయకుండానే ఇంత సంగతి తెలుస్తుంది.

దీనికి షరతులున్నాయి. యాంటీబయాటిక్ వేయకముందే తీయాలి. పెద్దవాళ్లకు బాటిల్‌కి ఎనిమిది నుంచి పది మిల్లీలీటర్లు కావాలి. "అంత రక్తం లాగేస్తున్నారు, అసలే హిమోగ్లోబిన్ తక్కువ" అని చేయి పట్టుకునే అమ్మలున్నారు. రెండు మిల్లీలీటర్లు ఇచ్చి నెగెటివ్ తెచ్చుకుంటే ఇచ్చిన ఆ రెండూ కూడా వృథానే. పిల్లలకు బరువుని బట్టి తక్కువ తీస్తాం.

9. రిపోర్ట్‌లో ఏవో పేర్లున్నాయి. ఏది ఎంత ప్రమాదం?

స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ అందరి చర్మం మీదా ఉండేదే. లైన్ ఇన్ఫెక్షన్లలో ఎక్కువగా దొరికేవాటిలో ఒకటి, కొంచెం మెల్లగా నడుస్తుంది. ఒక్క బాటిల్‌లోనే వచ్చి మిగతావి నెగెటివ్ అయితే రక్తం తీసేటప్పుడు చర్మం మీంచి అంటుకుని ఉండొచ్చు. రెండు బాటిళ్లలో వస్తే నిజమేనని తీసుకుంటారు. దాని పెద్దన్న స్టెఫిలోకాకస్ ఆరియస్ అలా కాదు. అది గుండె కవాటాల మీద, వెన్నెముకలో స్థిరపడుతుంది. అందుకే అది వచ్చిన రోగికి గుండె స్కానింగ్ కూడా రాస్తారు, ఖర్చు పెంచడానికి కాదు.

మన దేశంలో క్లెబ్సియెల్లా, ఈ. కోలి, సూడోమోనాస్, ఎసినెటోబాక్టర్ లాంటి గ్రామ్ నెగెటివ్ బాక్టీరియా వాటా పాశ్చాత్య దేశాల కన్నా ఎక్కువ. వాటిలో మెరోపెనెం లాంటి పెద్ద మందుకి కూడా లొంగనివి పెరిగిపోయాయి. మిగతావి పనిచేయనప్పుడు చివరి అస్త్రంగా వాడే కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్ పేరు మీ కేస్ షీట్‌లో కనిపిస్తే సంగతి అక్కడిదాకా వచ్చిందని అర్థం చేసుకోవచ్చు. కొంత పాపం చిన్న జలుబుకీ మందుల షాపులో యాంటీబయాటిక్ కొనుక్కునే మన అలవాటుది కూడా.

కాండిడా అనేది ఫంగస్. నరంలో కొవ్వు, గ్లూకోజ్ కలిపిన ఆహారం ఎక్కుతున్నవాళ్లలో, చాలా రోజులుగా యాంటీబయాటిక్స్ పడుతున్నవాళ్లలో చూస్తాం. 2009లో జపాన్‌లో ఒక రోగి చెవిలో మొదట గుర్తించిన కాండిడా ఆరిస్ ఇప్పుడు మన ఐసీయూల్లోనూ ఉంది. మంచం కమ్మీల మీద రోజుల తరబడి బతుకుతుంది.

10. ఇన్ఫెక్షన్ అని తేలింది. లైన్ తీసేయాల్సిందేనా?

క్రిమిని బట్టి, మనిషిని బట్టి. స్టెఫ్ ఆరియస్, కాండిడా, సూడోమోనాస్, క్షయకు దూరపు చుట్టాలైన మైకోబాక్టీరియా అయితే చాలావరకు తీసేయమనే చెప్తారు. బీపీ పడిపోయి రోగి షాక్‌లో ఉన్నా, సొరంగం వెంబడి గానీ చర్మం కింద పోర్ట్ కూర్చున్న జేబులో గానీ ఇన్ఫెక్షన్ ఉన్నా, మందులు పడుతున్నా మూడు రోజులకు కూడా కల్చర్ నెగెటివ్ కాకపోయినా తీసేయాల్సిందే.

ఎపిడెర్మిడిస్ లాంటిదై, రోగి నిలకడగా ఉంటే లైన్ కాపాడే ప్రయత్నం చేయొచ్చు. అక్కడ లాక్ చికిత్స వస్తుంది: గాఢమైన యాంటీబయాటిక్‌ని గొట్టం నిండే మేరకు, అంటే రెండు మూడు మిల్లీలీటర్లు నింపి గంటల తరబడి అలాగే వదిలేస్తారు. రక్తంలోకి కాదు, గొట్టంలోనే నిలవాలి. పాకుడు మీద యాసిడ్ పోసి నానబెట్టినట్టే ఇదీనూ. నరంలో మామూలు యాంటీబయాటిక్ కూడా దాంతోపాటు నడుస్తుంది.

"అంత ఖర్చు పెట్టి పెట్టించుకున్న పోర్ట్ తీసేస్తారా" అన్న బాధ నాకు తెలుసు. కొంతమందికి పోర్ట్ పెట్టడానికి ఆరోగ్యశ్రీ వర్తించక అప్పు చేసి పెట్టించుకుని ఉంటారు. పైగా ప్లేట్‌లెట్స్ తక్కువున్న లుకేమియా రోగికి కొత్త లైన్ పెట్టడం అంత తేలిక కాదు, డాక్టర్లు కూడా ఊరికే తీయమనరు. వాళ్లు తీసేయమంటే అప్పటికే రెండువైపులా తూచి ఉంటారు. నాకైతే కాండిడా వచ్చిన లైన్ కోసం బేరమాడుతున్న కుటుంబాన్ని చూస్తే భయమేస్తుంది.

11. మందులు ఎన్ని రోజులు?

లెక్క మొదలయ్యేది మందు మొదలుపెట్టిన రోజు నుంచి కాదు, కల్చర్ నెగెటివ్ వచ్చిన మొదటి రోజు నుంచి. చిక్కులేమీ లేకపోతే ఒకటి నుంచి రెండు వారాలు. కాండిడాకు నెగెటివ్ అయ్యాక పద్నాలుగు రోజులు, మధ్యలో కంటి పరీక్ష కూడా, ఎందుకంటే అది కంటి లోపలికి పాకుతుంది. స్టెఫ్ ఆరియస్‌కు కనీసం రెండు వారాలు, కౌంట్స్ లేనివాళ్లలో, గుండెకో ఎముకకో పాకినవాళ్లలో నాలుగు నుంచి ఆరు. మూడో రోజుకే జ్వరం పోయిందని "ఇంటికి పంపించేయండి" అనడం మాకు రోజూ వినిపించే మాట.

12. స్నానం చేయొచ్చా? తలంటు?

చేయొచ్చు, చేయాలి కూడా. చర్మం మీద క్రిములు తగ్గాలంటే ఒళ్లు శుభ్రంగా ఉండాలి. కాకపోతే డ్రెస్సింగ్ తడవకూడదు. పిక్ లైన్ ఉన్న చేతికి వంటింట్లో వాడే పలచటి ప్లాస్టిక్ రేపర్ చుట్టి, రెండు కొసలా టేపు వేసి, ఆ చేయి బకెట్‌కు దూరంగా పైకెత్తి పట్టుకోండి. చెంబుతో పోసుకునేవాళ్లకు షవర్ కన్నా ఇది సులువే. చెరువు, కాలువ, పుష్కర స్నానం, స్విమ్మింగ్ పూల్ లైన్ ఉన్నన్నాళ్లూ మర్చిపోండి. పోర్ట్ ఉండి, సూది గుచ్చి లేనప్పుడు, గాయం మానాక మామూలుగా స్నానం చేయొచ్చు. అదే పోర్ట్ సుఖం.

13. డ్రెస్సింగ్ ఎన్నాళ్లకు మార్చాలి?

పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ డ్రెస్సింగ్ అయితే వారానికోసారి, గాజుగుడ్డ అయితే రెండు రోజులకోసారి. కానీ అంచు లేచినా, తడిసినా, కింద రక్తం కనిపించినా గడువు చూడొద్దు, అప్పుడే మార్చాలి. మే నెలలో కరెంటు పోయిన ఇంట్లో చెమటకి మూడు రోజులకే లేచిపోతుంది, అది మీ తప్పు కాదు. ఊడిన అంచు మీద ఇంకో టేపు అతికించి వారం పూర్తి చేయడం మాత్రం తప్పే.

మార్చేటప్పుడు క్లోర్‌హెక్సిడిన్, ఆల్కహాల్ కలిసిన ద్రావణంతో రుద్ది, దానంతటదే ఆరేదాకా ఆగాలి. విసనకర్రతో విసరడం, నోటితో ఊదడం వద్దు. ఆరుతున్న ఆ అర నిమిషంలోనే అది తన పని చేస్తుంది.

14. కాస్త పసుపు అద్దితే? పౌడర్?

వద్దు. పసుపు మీద నాకేమీ కోపం లేదు, కూరలో రోజూ వేస్తాను. డబ్బాలో పసుపు స్టెరైల్ కాదు, దాంట్లో బాక్టీరియా, ఫంగస్ బీజాలు ఉంటాయి. పౌడర్, విభూతి, కొబ్బరినూనె అన్నిటికీ ఇదే మాట. నూనె తగిలితే డ్రెస్సింగ్ అతుక్కోదు కూడా. తాయెత్తు కట్టుకోవాలనుకుంటే లైన్ లేని చేతికి కట్టండి. బీపీ పట్టీ కూడా ఆ చేతికే.

15. నర్సు హబ్ తుడవకుండానే సిరంజి పెట్టింది. అడిగితే కోపం వస్తుందేమో?

రానివ్వండి. అడగండి.

ఆల్కహాల్ స్వాబ్‌తో హబ్‌ని కనీసం పది పదిహేను సెకన్లు, నిమ్మకాయ పిండినట్టు తిప్పుతూ రుద్దాలి, ఆరనివ్వాలి, అప్పుడు సిరంజి బిగించాలి. రాత్రి డ్యూటీలో ముప్పైమంది రోగులకు ఇద్దరు నర్సులున్నప్పుడు ఆ పదిహేను సెకన్లే మొదట ఎగిరిపోతాయి. నేను సమర్థించుకోవడం లేదు, ఎలా జరుగుతుందో చెప్తున్నాను.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో పీటర్ ప్రొనోవోస్ట్ అనే డాక్టరు వందకు పైగా ఐసీయూల్లో ఐదే ఐదు పనులు పెట్టించాడు: చేతులు కడగడం, లైన్ పెట్టేటప్పుడు రోగిని తల నుంచి కాలి దాకా స్టెరైల్ గుడ్డతో కప్పడం, క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం తుడవడం, తొడలో పెట్టకుండా వీలైనంతవరకు చూడడం, అవసరం తీరిన లైన్‌ని వెంటనే తీసేయడం. 2006లో ఫలితాలు అచ్చయ్యాయి. వెయ్యి లైన్ రోజులకు (ఒక రోగికి లైన్ ఉన్న ఒక్కో రోజు ఒక లైన్ రోజు) 2.7గా ఉన్న మధ్యస్థ ఇన్ఫెక్షన్ రేటు మూడు నెలల్లో సున్నాకి దిగింది. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. నన్ను ఆకట్టుకున్నది మరొకటి: వరస తప్పితే డాక్టరుని ఆపే అధికారం నర్సుకి ఇచ్చారు. మన దగ్గర అది రావడానికి ఇంకా టైము పడుతుంది. ఈలోపు ఆ పని అటెండెంట్ చేయొచ్చు.

అడిగే పద్ధతి ఉంది. "ఏంటి తుడవరా" అంటే గొడవ. "సిస్టర్, ఒక్కసారి స్పిరిట్‌తో తుడుస్తారా, డాక్టరుగారు మరీమరీ చెప్పారు" అనండి. పని అవుతుంది.

16. ముందుజాగ్రత్తగా రోజూ ఒక యాంటీబయాటిక్ వేసుకుంటే లైన్ ఇన్ఫెక్షన్ రాదు కదా?

లైన్ కోసమని అలా వేయరు. లొంగని క్రిముల్ని మనమే పెంచినట్టవుతుంది. లుకేమియా వాళ్లకు కౌంట్స్ పడ్డ రోజుల్లో లెవోఫ్లాక్సాసిన్ లాంటిది రాయడం వేరే సంగతి, అది ముఖ్యంగా పేగుల్లోంచి వచ్చే ఇన్ఫెక్షన్ కోసం.

17. పిక్ లైన్, హిక్‌మన్, పోర్ట్: దేనికి ఇన్ఫెక్షన్ తక్కువ?

పోర్ట్‌కి. వాడనప్పుడు బయటికి తలుపే ఉండదు కాబట్టి. మూడు వారాలకోసారి కీమోకి వచ్చేవాళ్లకు బాగుంటుంది. రోజూ మందులు, రక్తం, ప్లేట్‌లెట్స్ ఎక్కే లుకేమియా రోగికి పోర్ట్‌లో సూది రోజూ ఉంచాల్సిందే, అప్పుడు ఆ లాభం సన్నగిల్లుతుంది. గొట్టంలో ఎన్ని దారులుంటే అన్ని తలుపులు. ఒకటి సరిపోయేచోట మూడు దారుల లైన్ పెట్టించుకోవద్దు.

18. ఇన్ఫెక్షన్ వచ్చిందంటే ఆస్పత్రి తప్పేనా?

ప్రతిసారీ కాదు. కీమో వల్ల నోరు, పేగుల లోపలి పొర పుండ్లు పడి, పేగుల్లో ఉండే బాక్టీరియా నేరుగా రక్తంలోకి దిగడం కౌంట్స్ లేనివాళ్లలో చాలా మామూలు. లైన్ ఉంది కాబట్టి నేరం లైన్ మీద పడేది. అందుకే అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2013 నుంచి ఇలాంటి కేసుల్ని లెక్కల్లో విడిగా చూపిస్తోంది. నోటి పుండ్లు, విరేచనాలు ఉన్న సంగతి డాక్టరుకి చెప్పడం అందుకే ముఖ్యం.

అయినా నేను ఇంతకాలం చూసినదాంట్లో, కొన్నిసార్లు తప్పు మాదే. పోట్లాడాలనుకుంటే ఒక ప్రశ్నతో మొదలుపెట్టండి: "మీ వార్డులో వెయ్యి లైన్ రోజులకు ఎన్ని ఇన్ఫెక్షన్లు వస్తున్నాయి?" లెక్క పెడుతున్న ఆస్పత్రి అంకె చెప్తుంది.

19. కీమో అయిపోయింది. లైన్ ఇంకా ఉంచుకోవాలా?

పిక్ లైన్ అయితే అవసరం తీరిన రోజే అడిగి తీయించుకోండి. "మళ్లీ అవసరం పడుతుందేమో" అని ఉంచడం వల్ల జరిగిన నష్టం నేను చాలా చూశాను. పోర్ట్‌ని డాక్టరు కొన్ని నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఉంచమనొచ్చు. అప్పుడు చెప్పిన గడువు ప్రకారం, చాలా చోట్ల నాలుగు వారాలకోసారి, ఫ్లష్ చేయించుకోవాలి. ఆ రోజు కూడా ఇంటికెళ్లాక వణుకు వస్తే ఐదో ప్రశ్నే వర్తిస్తుంది, కీమో అయిపోయి ఏడాదైనా సరే.

తీసేటప్పుడు పడుకోబెట్టి తీస్తారు, ఊపిరి బిగపట్టమంటారు. గాలి లోపలికి పోకుండా ఉండటానికి. తీశాక ఆ చోట నొక్కిపట్టి, గాలి చొరని డ్రెస్సింగ్ ఒక రోజు ఉంచుతారు. చాలామంది ఆ గొట్టం చేతికిచ్చి చూపించమంటారు. నలభై సెంటీమీటర్ల పొడవు చూసి "ఇదంతా నాలోనే ఉందా" అంటారు.